గీయని కన్ను

దుబాయ్ విమానంలో పైలటు నన్ను ముందుకు పిలిపించుకొని, చెయ్యి కలిపి, "పెద్దాయనా, ఇదిగో సముద్రం" అని చూపించాడని ఆదోనిలో ఇప్పటికి చాలామందికి చెప్పాను. కాగితం మీద పెట్టేటప్పుడు కొంచెం జంకు పుడుతుంది కాబట్టి సరిచేస్తున్నాను. పైలటును నేను చూడలేదు. బాత్‌రూమ్ అనుకొని ఏదో తలుపు లాగుతుంటే విమానంలో పనిచేసే అమ్మాయి నా చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి సీట్లో కూర్చోబెట్టింది. కిటికీ పక్కన ఇంకెవరో ఉన్నారు. నాకు కనబడింది సముద్రం కాదు, ఆయన నెత్తి.

వెళ్ళొచ్చిన కథ చెప్పేటప్పుడు ఇలా నాలుగు పిడికిళ్ళు ఎక్కువ వేయడం నాకు అలవాటు. ఎక్కడ పెంచానో అక్కడే దించుకుంటూ పోతాను, మీరు ఓపిక పట్టండి.

కరామా

నన్ను పిలిపించింది మా అక్క కొడుకు మాబు. దుబాయ్‌లో కరామా అనేచోట పటాలు కట్టే దుకాణంలో పని. కరామా అంటే ఎత్తు లేని మేడలు, ప్రతి బాల్కనీలోనూ ఆరేసిన లుంగీలు. ఒక గదిలో ఆరుగురు. ఒకడు సెలవు మీద ఊరికి పోతే వాడి మంచం నాకిచ్చారు. మంచం మీద మంచం, నాది పైది. మొదటిరోజు ఎక్కలేక కిందివాడి దిండు తొక్కాను. అతను కేరళ మనిషి. మర్నాటి నుంచి దిండు తీసి పక్కన పెట్టుకొని పడుకునేవాడు.

అక్కడ నా పేరే నాకు చిక్కు తెచ్చిపెట్టింది. దస్తగిరి అనగానే ఎదుటివాడు ఉర్దూ మొదలుపెడతాడు. మా ఇళ్ళలో తాతల నాటి నుంచి తెలుగే. నాకొచ్చిన ఉర్దూ కూలికీ కూరగాయలకీ సరిపోతుంది. హోటల్లో వడ్డించే హైదరాబాద్ కుర్రవాడు నా మాట విని, "చాచా, మీరు ఏ దేశం?" అని అడిగాడు. టీ అర్ధ దిర్హమ్, అంటే మన రూపాయి పైమాటే. అంత పెట్టి తాగే టీ కాబట్టి గ్లాసు అడుగున చక్కెర కూడా వేలితో నాకాను. మాబు తల దించుకున్నాడు.

దుకాణం

మాబు ఆదోనిలో ఉండగా ఫోటో స్టూడియోలో ఫినిషింగ్ చేసేవాడు. ఆ పని ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. ఇంట్లో పెద్దాయన పోతాడు. ఆయనకు విడిగా ఫోటో ఉండదు. ఎవరి పెళ్ళిలోనో గుంపులో సగం మొహం మాత్రం దొరుకుతుంది. దాన్ని పెద్దది చేయించి తెస్తారు. మిగతా సగం, రెండో కన్ను, చెవి, పైపంచె, ఆడమనిషైతే బొట్టూ గొలుసూ, అన్నీ మాబు పెన్సిల్‌తో పూర్తిచేయాలి. ఒక్క కన్ను లేకపోయినా ఇంటివాళ్ళు పటం తీసుకోరు. కన్ను తెరిచి ఉంటేనే ఆ మనిషి ఇంట్లో ఉన్నట్టు. వాడి చెయ్యి అలా తయారైంది.

ఆ చెయ్యే దుబాయ్‌లో ఒకసారి తంటా తెచ్చింది. ఒక సింధీ సేటు తండ్రి ఫోటో కట్టడానికిస్తే, వెలిసిపోయిన మీసాన్ని మాబు అడక్కుండా నల్లగా దిద్దాడు. ఆ తండ్రికి అసలు మీసమే లేదట, అది మరకట. దుకాణం ముదీర్, అంటే మేనేజరు, మలబారు మనిషి. "ఇంకొక్క కంప్లైంట్ వచ్చిందా, కఫీల్‌తో చెప్పి వీసా కొట్టేయిస్తా, ఖలాస్" అని వేలు చూపించి చెప్పాడు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని.

ఇది తెలిసి కూడా నేను నోరు పారేసుకున్నాను.

దుకాణంలో ఫ్రేము కోసం ఒక బొమ్మ ఉంది. అబుధాబిలో ఉండే ఒక ఇంగ్లీషు మేడమ్ ఇచ్చింది. వందేళ్ళ కిందటి రాతి అచ్చు, అంటే రాతి మీద గీసి కాగితం మీదికి తీసే లిథో బొమ్మ, ఆమె నాయనమ్మ చిత్రం. కుర్చీలో కొంచెం పక్కకి తిరిగి కూర్చున్న ఆడమనిషి, ఒళ్ళో మడిచిన విసనకర్ర. రాతి అచ్చు అనగానే నేను చొక్కా సర్దుకున్నాను. ఆదోని లిథో ప్రెస్సులో నా తల నెరిసింది. నవాబుల చిత్రాలు వేశానని మాబుకు చిన్నప్పటి నుంచి చెబుతూ వచ్చాను. నిజానికి మేం వేసింది నూనె డబ్బాల లేబుళ్ళు, పత్తి బేళ్ళ మీద అంటించే ఏనుగు బొమ్మలు. అందులోనూ సగం కాలం నా పని పాత బొమ్మ పోయేలా రాళ్ళు ఇసకతో రుద్దడమే. తర్వాతే రాతి మీద అక్షరాలు రాయనిచ్చారు.

బొమ్మను వెలుతురులో పెట్టి చూసి పెదవి విరిచాను. ఇంకు బూడిద రంగులో, ఉందా లేదా అన్నట్టు ఉంది. గౌను సగం దాకా వచ్చి ఆగిపోయింది. కుర్చీకి రెండే కాళ్ళు. మొహంలో ఒక కన్ను చక్కగా ఉంది, రెండో కన్ను ఉండాల్సిన చోట ఉత్త కాగితం.

"ఏం మామా, ఎట్ల ఉంది?" అన్నాడు మాబు.

"యేస్టు కాపీ రా ఇది, పారేసేది. రోలరుకు ఇంకు చాల్లేదు. రాయి అరిగిపోయిండాది. కన్నే పడలేదు చూడు. మా ప్రెస్సులో ఇట్లాంటిది తీసింటే ఫోర్మను మొహాన కొట్టేటోడు."

"మేడమ్ దాన్ని పాణంగా చూసుకుంటాది మామా."

"ఆయమ్మకేం తెలుసు! తెలిసినోడు నేను చెప్తాండా గదా."

వాడు బొమ్మ వంక జాలిగా చూశాడు. ఆ చూపు నేను గమనించి ఉండాల్సింది.

అబుధాబి రోడ్డు

మర్నాడు పొద్దున్నే దుకాణం బండిలో అబుధాబి బయల్దేరాను. అదే మేడమ్ ఇంతకుముందు ఇచ్చిన ఒక నది బొమ్మకు ఫ్రేము అయిపోయింది, అది అందించాలి. బండి నడిపేది గంగారాం, జగిత్యాల దగ్గర పల్లె. "ఊకె రూంల గూసొని ఏం జేస్తవ్ తాతా, పా, తిరిగొద్దాం" అని నన్ను ఎక్కించుకున్నాడు.

రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంది. అటూ ఇటూ ఇసక. ఒంటెల మంద రోడ్డు దాటుతుంటే గంగారాం బండి ఆపి బీడీ వెలిగించాడు. మన దగ్గర ఎద్దు అడ్డమొస్తే అదిలిస్తాం. అక్కడ ఒంటెను గుద్దితే దాని సొంతదారు అడిగినంత ఇవ్వాలట. "మనిషిని గుద్దితే ఎంత?" అన్నాను. "ఏ దేశపోడో సూడాలె గద తాతా" అని పొగ వదిలాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

దారిలో బనియాస్‌లో వాళ్ళ ఊరివాళ్ళ గదిలో భోజనం. చాప మీద కాగితాలు పరిచి అన్నం కుప్పపోశారు. ఎండు చేపలు, పచ్చిపులుసు. ఊరు వదిలాక అంత రుచిగా తిన్నది అక్కడే. పొట్ట నిండితే నాకు నోరు లేస్తుంది. నేనొక షేకు గారి బొమ్మలు చూసి ఖరీదు కట్టడానికి వచ్చానని, షేకు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడని చెప్పాను. అందరూ తినడం ఆపి విన్నారు. రాజన్న అనే అతను చెయ్యి కడుక్కొచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమనిషివి, గా షేకుతోని ఒక్క ముచ్చట చెప్పరాదె. నా బిడ్డ పెండ్లి ఉన్నది. కంపెనోళ్ళు సెలవియ్యరైరి. నీ మాటైతే ఇంటడు."

చేతిలో ముద్ద కాగితం మీద పెట్టేశాను. షేకు లేడు, ఏమీ లేదు, ఊరికే అన్నానని ఒప్పుకున్నాను. అందరూ రాజన్న వంక చూశారు. తర్వాత రాజన్నే నవ్వి, "ఆదోని షేకువు నువ్వే గదనె" అని ఇంకో చేప నా ముందు వేశాడు. బండెక్కాక గంగారాం, "తాతా, నీ నోటికి బిరేకుల్లేవు" అన్నాడు.

మేడమ్ ఇల్లు

మేడమ్ తెల్లజుట్టు మనిషి. కలకత్తాలో పుట్టి పెరిగిందట, ఆమె హిందీ నా హిందీ కంటే నయం. నేను లిథో పనివాడినని గంగారాం చెప్పగానే కుర్చీ చూపించి, చల్లటి నిమ్మరసం ఇచ్చింది. నది బొమ్మను గోడకు ఆనించింది. అదీ అంతే. నాలుగు గీతలు, రెండు పడవలు, మిగతాదంతా ఖాళీ కాగితం.

ఇంకు చాలని కాపీలు ఎందుకు కొన్నారని మర్యాదగానే అడిగాను. ఆమె విరగబడి నవ్వింది. ఆ తర్వాత చెప్పిన మాటలు నాకు అర్థమైనంత వరకు రాస్తాను. తప్పుంటే తప్పు నాది.

ఆ కాలంలో వాళ్ళ దేశంలో కొందరు చిత్రకారులు బయల్దేరారట. బొమ్మ కథ చెప్పాల్సిన పని లేదు, బుద్ధి నేర్పాల్సిన పని లేదు, చూడ్డానికి అందంగా ఉంటే దాని పని అయిపోయినట్టే అనేవారట. అప్పటిదాకా రాతి అచ్చంటే అక్కడ కూడా లేబుళ్ళూ ప్రకటనలే, మా పనే. వీళ్ళు ఆ రాయినే తీసుకొని, కొవ్వు కలిసిన నల్ల బలపంతో ఊపిరి తాకినట్టు గీసేవారట. ఇంకు కావాలనే పలచగా వేయించేవారట. పాత పుస్తకాల్లో మిగిలిపోయిన ఖాళీ కాగితాలు వెతికి కొని, వాటి మీద అచ్చు తీసేవారట. కొద్ది కాపీలు తీసి రాయి రుద్దించేసేవారట.

"రాయి బాగుండగానే రుద్దించేస్తారా?" అన్నాను. మా యజమాని రాయి పగిలేదాకా ఏనుగును వదిలేవాడు కాదు.

"అవును. ఎక్కువైతే అందం పోతుందని."

"మరి కుర్చీ కాళ్ళు?"

"రెండు గీస్తే మిగతా రెండు మీరే చూస్తారని. చెమటోడ్చినట్టు కనిపిస్తే అది చెడ్డ పని అనుకునేవారు."

నాకు బుర్ర తిరిగింది. చెమట కనిపించకపోతే మా ఫోర్మను కూలి కోసేవాడు. తక్కువ వేస్తే ఎక్కువెలా అవుతుంది? మొహమాటానికి తల ఊపుతూ, చివరికి అడిగాను. "మీ నాయనమ్మ గారి రెండో కన్ను?"

ఆమె మొహం మెత్తబడింది. ఆ వైపు కిటికీ ఉండేదట, వెలుగు పడి కన్ను కనిపించలేదట, కనిపించనిది గీయనన్నాడట చిత్రకారుడు. చిన్నప్పుడు అక్కా తనూ ఆ ఖాళీ చోటునే చూస్తూ, ఇవాళ నాయనమ్మ కోపంగా ఉంది, ఇవాళ నవ్వుతోంది అని వాదించుకునేవారట. ఆ బొమ్మ ఎవరికి చెందాలన్న విషయంలో పెద్దయ్యాక ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయట. ఇప్పుడు తనే తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాలనుకుంటోంది. గురువారం విమానం. దారిలో దుకాణానికి వచ్చి పటం తీసుకుంటానంది.

నేను ఎండు చేప తేన్పు మింగుకొని కూర్చున్నాను. యేస్టు కాపీ అని మాబుకు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. పోనీలే, మాటే కదా అనుకున్నాను.

మళ్ళీ కరామా

మాబు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"మామా, నువ్వు చెప్పినాక మనసు పట్టలేదు. పాపం, ముసలామె ఒంటి కన్నుతో ఉండాది అని... చూడు!"

చూశాను. నాయనమ్మకు రెండు కళ్ళున్నాయి. రెండో కన్ను మొదటిదానికి తోబుట్టువులా ఉంది. లిథో బలపం గీతా పెన్సిల్ గీతా ఒకేలా ఉంటాయి, వాడి చెయ్యి అంత నేర్పుగల చెయ్యి. మేడమ్ చెప్పిందంతా చెప్పాను. మాబు మొహం సున్నం కొట్టినట్టయింది.

"కావాలని వదిలేసిందా? కన్నును కావాలని ఎవరన్నా వదుల్తారా మామా?"

"నాకూ అర్థం కాలేదు రా. వదిలినారంట."

"నువ్వే గదా రాయి అరిగింది అంటివి!"

"అంటి."

"ముదీరుకు తెలిస్తే నేను ఆదోనికి పోవాల్సిందే. ఆడ కట్టే ఇల్లు గోడల కాడికి వచ్చి ఆగిండాది, దానికి పైకప్పు ఎవురేస్తారు? నవాబుల బొమ్మలేసినోడివి, ఏందో ఒగటి చెయ్యి మామా!"

నవాబులు లేరని అప్పుడు చెప్పే ధైర్యం లేకపోయింది. అయితే ఒక్కటి మాత్రం నిజంగా తెలుసు. మా ప్రెస్సుకు వచ్చే ఆర్టిస్టు కాగితం మీద పెన్సిల్ గీతలను పాత డబల్ రొట్టె మెత్తతో అద్ది తీసేవాడు. రబ్బరైతే కాగితం పీచు లేస్తుంది. రొట్టె పెన్సిల్ పొడిని ఎత్తుకుంటుంది, కొవ్వు ఇంకును ముట్టుకోదు.

రొట్టె

గంగారాం ఇరానీ బేకరీ నుంచి తెచ్చిన రొట్టె చాటంత వెడల్పుగా, పలచగా ఉంది. లోపల మెత్తే లేదు, పైన నువ్వులు. అది మేమిద్దరం తినేశాం. మర్నాడు మలబారు కొట్లో నిన్నటి డబల్ రొట్టె అడిగితే, కొట్టువాడు అవమానపడి తాజాది ఇస్తానని పట్టుబట్టాడు. పాతదే కావాలని బతిమాలాల్సి వచ్చింది.

ముదీర్ మధ్యాహ్నం నిద్రకు ఇంటికి పోయాడు. అద్దం కోయించుకురమ్మని మాబును అంతకుముందే సత్వా బజారుకు పంపాడు. పోతూ పోతూ మాబు, "ఎడమ పక్క కన్ను మామా" అని చెప్పి పోయాడు. నేను తలుపు వేసి, చేతులు తుడుచుకొని కూర్చున్నాను.

రాతి మీద పని చేసినవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. రాతి మీద అంతా అద్దంలోలా తిరగేసి ఉంటుంది. ఎడమన రాసింది కాగితం మీద కుడికి వస్తుంది. అన్నేళ్ళు అలా రాసి, నాకు ఎడమ అని వినబడితే చెయ్యి దానంతటదే కుడికి పోతుంది. ఇంటికి దారి అడిగినవాళ్ళను కూడా చాలాసార్లు పక్క వీధికి పంపాను. మొన్న ఈ బొమ్మను ఖాళీ చోటుతో చూసిందీ నేనే. అయినా తలుచుకుంటే అది నాకు రాతి మీద ఉన్నట్టే, తిరగేసి గుర్తొచ్చింది.

రొట్టె మెత్తను ఉండ చేసి కంటి మీద అద్దాను. ఏమీ రాలేదు. మళ్ళీ అద్దాను. ఇంకో ఉండ. వెంట్రుకవాసి కూడా చెదరలేదు. వీడు ఏ పెన్సిల్‌తో గీశాడురా దేవుడా అని చెమటలు పట్టాయి, చెమట చుక్క బొమ్మ మీద పడుతుందని మొహం పక్కకు తిప్పి అద్దాను. తలుపు తీసుకొని మాబు వచ్చాడు.

"మామా! అది కాదు! అది అసలు కన్ను!"

ఇద్దరం భూతద్దం పెట్టి చూశాం. ఎంతసేపు చూశామో తెలియదు. ఒక్క నలుసు కదల్లేదు. వందేళ్ళ కిందట ఎవరో నా బోటివాడు వేసిన కొవ్వు ఇంకు రొట్టెకు లొంగలేదు.

"ఏది అచ్చో ఏది పెన్సిలో ముందు పరీక్ష చేసినా" అన్నాను గంభీరంగా. మాబు నా వంక చూసిన చూపు రాయడం లేదు.

అప్పుడు రెండో కన్ను మీద మొదలుపెట్టాను. అద్దిన ప్రతిసారీ రొట్టె బూడిద రంగుకు తిరిగింది. ముందు రెప్ప పోయింది, తర్వాత గుడ్డు, తర్వాత కనుబొమ కింద నీడ. ముదీర్ తిరిగొచ్చే వేళకు అక్కడ ఉత్త కాగితం మిగిలింది. మాబు చెయ్యి తేలిక కాబట్టి గాడి కూడా పడలేదు. వంగి వంగి నొప్పెట్టిన నడుముతో లేచి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. ఆ ముసలామె నన్ను చూస్తోంది. ఉన్న కన్నుతో కాదు. లేనిదానితో చూస్తోంది. కోపమో నవ్వో తెలియలేదు. కళ్ళు నులుముకొని మళ్ళీ చూశాను. ఇప్పటికీ నాకది తేలలేదు.

గురువారం

మేడమ్ వచ్చింది. పటాన్ని చేతుల్లోకి తీసుకొని చాలాసేపు చూసింది. ఫ్రేము చాలా బాగుందని మాబును మెచ్చుకుంది. ముదీర్ పొంగిపోయాడు. మాబు బ్రౌన్ కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేను మూలన స్టూలు మీద కూర్చుని, ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కారెక్కి వెళ్ళిపోయింది.

ఆదోనిలో కథ ఇక్కడే ఆపుతాను. జరిగింది మాత్రం వేరు.

జీవితంలో నేను చేసిన పనుల్లో అంత సున్నితమైనది ఇంకొకటి లేదు. అది ఎంత బాగా వచ్చిందంటే, చేసినట్టే లేదు. అందరూ ఫ్రేమును మెచ్చుకుంటున్నారు. నా పనిని చూసేవాడు లోకంలో ఒక్కడూ ఉండడు, ఇంకెప్పుడూ ఉండడు. ఆమె పటం పట్టుకొని తలుపు దాకా వెళ్ళింది. ముదీర్ లోపల ఫోను మోగితే వెళ్ళాడు. నేను లేచాను. మాబు నా చొక్కా వెనక పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

అంతా చెప్పేశాను. నా హిందీలో, చేతులతో, రొట్టె ఎలా అద్దానో కూడా అభినయించి. పెన్సిల్ పెట్టింది మాబు అయినా దానికి కారణం నా మాటేనని చెప్పాను. ఆ ముక్క మంచితనంతో చెప్పలేదు, అది లేకపోతే నా రొట్టె పని ఆమెకు అర్థం కాదు కాబట్టి చెప్పాను.

మేడమ్ కాగితం విప్పింది. బొమ్మను తలుపు దగ్గర ఎండలోకి పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. మాబు గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. ముదీర్ ఫోను పెట్టేసి వచ్చి, "ఏమైనా సమస్యా మేడమ్?" అన్నాడు.

ఆమె ఒకసారి మాబును చూసింది. "ఏం లేదు. ఫ్రేము బాగుంది" అంది.

తర్వాత నా వైపు తిరిగి నాకొక్కడికే వినబడేలా చెప్పింది. "మీరు చాలా చక్కగా తీశారు. చెప్పకపోతే నాకు జన్మలో తెలిసేది కాదు. ఇప్పుడు చూస్తే అక్కడ కన్ను కనిపిస్తోంది." గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. బొమ్మను మళ్ళీ చుట్టుకుంది, ఈసారి మాబు సాయం తీసుకోలేదు. కారు వెళ్ళిపోయింది.

మాబు ఉద్యోగం మిగిలింది. సాయంత్రం గదికి నడిచి పోతుంటే వాడు లుంగీల కింద ఆగి, అటు తిరిగే అన్నాడు.

"నేను పెన్సిల్‌తో గీస్తే నువ్వు తుడిసినావు మామా. మళ్ళా నువ్వే నోటితో గీసిస్తివి. దాన్ని తుడిసే రొట్టె యాడ దొరుకుతాది?"